ముందు ఆర్నెల్ల ఖర్చు, తర్వాతే ప్లాటు

జనవరి వచ్చిందంటే కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ ఏడాది ఎంత దాచాలి, ఎందులో పెట్టాలి?" ఎందులో పెట్టాలన్నది తర్వాత చూద్దాం. వీసా మీద ఉన్నవాళ్ళు ముందు ఆర్నెల్ల ఖర్చు ఇక్కడి బ్యాంకులో, కావాలనుకున్న రోజే చేతికొచ్చేలా దాచుకోవాలి.

మూడు నెలల ఖర్చు ఉంటే చాలని ఇక్కడివాళ్ళు చెప్తారు. వాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకోటి దొరికేదాకా నిదానంగా వెతుక్కుంటారు. హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకి మహా అయితే 60 రోజులు. ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఈలోపే అయిపోతే అక్కడితోనే సరి. ఓపీటీలో (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకోనిచ్చే సమయం) ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్ళకి ఇచ్చే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ ఉంటే 150. ఆ రోజుల్లో అద్దె ఆగదు, కారు ఈఎంఐ ఆగదు, కంపెనీ ఇన్సూరెన్స్ పోతుంది. చేతిలో డబ్బు లేకపోతే ఆ టెన్షన్‌లో ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేసేస్తారు. బాగా చదువుకున్న పిల్లలే అలా ఇరుక్కోవడం చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

లెక్క కష్టమేం కాదు. అద్దె, కారు, ఫోను, సరుకులు, ఇంటికి పంపేది, లోన్ కిస్తీ అన్నీ కలిపి నెలకు 3,000 డాలర్లు అవుతుందనుకోండి. ఆర్నెల్లకి 18,000. నెలకు 750 పక్కన పెడితే రెండేళ్ళలో పూర్తవుతుంది. జీతం పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాకి వెళ్ళిపోయేలా సెట్ చేసుకోండి. ఎఫ్‌డీఐసీ (డిపాజిట్లకి హామీ ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) బీమా ఉన్న బ్యాంకు అయితే 2,50,000 డాలర్ల దాకా భయం లేదు. ఈ డబ్బుని మాత్రం షేర్లలో పెట్టొద్దు, స్నేహితులకి చేబదులు ఇవ్వొద్దు.

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్ళు ఒక్కసారి వడ్డీ చూసుకోండి. 40 లక్షలు 11 శాతానికి తీసుకుంటే ఒక్క వడ్డీయే నెలకు 36 వేల రూపాయలు దాటుతుంది. నా సలహా: క్రెడిట్ కార్డు బాకీ ఉంటే అది ముందు తీర్చండి, మూడు నెలల ఖర్చు చేరేదాకా లోన్‌కి కిస్తీ మాత్రం కట్టండి, ఆ తర్వాత మిగిలేదాంట్లో సగం లోన్‌కి, సగం దాపుకి. ఊళ్ళో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ అయితే ఇంకా తొందరగా తీర్చండి. అమ్మానాన్నలు పైకి అనరుగానీ, ఆ కాగితాలు ఎప్పుడు ఇంటికొస్తాయా అని రోజూ అనుకుంటూనే ఉంటారు.

401(కె) (జీతంలోంచి రిటైర్మెంట్ కోసం దాచుకునే ఖాతా) గురించి "ఎలాగూ వెళ్ళిపోతాం కదా, ఎందుకు?" అంటుంటారు. వెనక్కి వెళ్ళినా మీరు వేసుకున్న డబ్బు మీదే. కంపెనీ ఎంతవరకు మ్యాచ్ (మీరు వేసినదానికి తను కలిపేది) ఇస్తుందో అంతవరకైనా వేయండి, దాన్ని వదులుకుంటే జీతంలో కొంత వదులుకున్నట్టే. కాకపోతే కంపెనీ వాటా పూర్తిగా మీదవడానికి ఎన్నేళ్ళు ఆగాలో హెచ్‌ఆర్‌ని అడగండి. 2026కి ఉద్యోగి వేసుకోగల పరిమితి 24,500 డాలర్లు. మొదటి ఏడాదే అంత వేయాలని లేదు.

ఓపీటీ నుంచి హెచ్1బీకి మారేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్ళు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు. హెచ్1బీ మొదలవగానే 7.65 శాతం పోతుంది. నెలకు 7,000 జీతమైతే 535 డాలర్లు తగ్గుతాయి. అక్టోబర్లో మారబోతుంటే బడ్జెట్ ఇప్పుడే ఆ తగ్గిన జీతంతో వేసుకోండి.

ఇక ప్లాటు. సంక్రాంతికి ఇంటికి ఫోన్ చేస్తే, "ఫలానావాళ్ళబ్బాయి షాద్‌నగర్ దగ్గర కొన్నాడట" అనే మాట రాక తప్పదు. కొనొద్దనడం లేదు. ఆర్నెల్ల ఖర్చు చేరాక కొనండి, అదీ చూసి కొనండి. హైదరాబాద్ చుట్టూ గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు చాలావరకు వ్యవసాయ భూములే. విదేశాల్లో ఉంటున్నవాళ్ళు భారత్‌లో వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా రావడం వేరే సంగతి. "ప్రీ-లాంచ్, సగం ధరకే" అని వీకెండ్ జూమ్ మీటింగ్ పెట్టేవాళ్ళని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ అడగండి. నంబర్ ఇస్తే రెరా సైట్లో మీరే చూడండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. నాన్నగారికి మీ పరిస్థితి విడమరచి చెప్పండి. 60 రోజుల సంగతి తెలిస్తే ఏ తండ్రీ ముందు ప్లాటు కొనమనడు.

ఇంటికి డబ్బు ఎప్పుడూ బ్యాంకు ఖాతా నుంచే పంపండి. 2026 జనవరి 1 నుంచి క్యాష్, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్కులతో పంపేవాటి మీద 1 శాతం పన్ను పడుతోంది. బ్యాంకు ఖాతా నుంచో, ఇక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతోనో పంపితే లేదు. ఊళ్ళో పాత సేవింగ్స్ ఖాతా అలాగే ఉంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉంటున్నవాళ్ళు భారత్‌లోని డబ్బుకి వాడేది) మార్పించుకోండి. ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో సంపాదించింది పంపి దాచుకునే ఖాతా) వడ్డీకి భారత్‌లో పన్ను లేకపోయినా, ట్యాక్స్ లెక్కలో అమెరికా రెసిడెంట్ అయ్యాక ఇక్కడ చూపించాల్సిందే.

అలా రెసిడెంట్ అయినవాళ్ళకి ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం) కూడా ఉంటుంది. భారత్‌లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఫైల్ చేయాలి. మన ఇళ్ళలో అమ్మానాన్నలు ఎఫ్‌డీ వేసేటప్పుడు కొడుకు పేరో కూతురి పేరో జాయింట్‌గా రాయించడం మామూలే. ఆ డబ్బు మీది కాకపోయినా ఈ లెక్కలోకి వస్తుంది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ పేరు ఏయే పాస్‌బుక్కుల్లో, ఎఫ్‌డీల్లో ఉందో, నిరుడు ఒక్కోదాంట్లో ఎక్కువలో ఎక్కువ ఎంత ఉందో రాయించి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. గడువు ఏప్రిల్ 15, దాటినా అడక్కుండానే అక్టోబర్ 15 దాకా ఇస్తారు. ఆ వివరాలు ఇప్పుడే తెప్పించుకుంటే ట్యాక్స్ రిటర్న్‌తో పాటే ఇదీ పూర్తి చేసేయొచ్చు.