హైదరాబాద్ వదిలి షాద్‌నగర్, చౌటుప్పల్, మహబూబ్‌నగర్, నల్లగొండల్లో ఎక్కడ స్థిరపడాలి? ఊరు చూడటానికి వెళ్తే ఏం చూడాలి?

మీ ప్రశ్న చూడగానే మాకు 2024 వేసవి గుర్తొచ్చింది. మీ పరిస్థితీ అప్పటి మా పరిస్థితిలాగే ఉంది. ఎల్బీనగర్‌లో అద్దె ఇల్లు, వారానికి రెండు రోజులే ఆఫీసు, స్కూలుకెళ్లే పాప, ఇంట్లో పెద్దావిడ. ఈ నాలుగు ఊళ్లనూ వరసగా నాలుగు ఆదివారాల్లో చూసొచ్చి తేల్చుకుంటామని రాశారు. ముందు ఆ ఆదివారం సంగతే చెప్తాను, ఎందుకంటే మేం డబ్బు పోగొట్టుకుంది అక్కడే.

మా బామ్మర్దికి తెలిసిన ఏజెంటు ఒకాయన కారు పంపాడు. పొద్దున ఏడింటికి బయల్దేరితే షాద్‌నగర్ దగ్గరే అనిపించింది. ఆదివారం పొద్దున రోడ్డు మీద ఎవరుంటారు, అనిపించదా మరి! వెంచర్‌లో షామియానా, ఇడ్లీ వడ, మధ్యాహ్నానికి బిర్యానీ. ఏజెంటు ఫోన్లో మ్యాపు తీసి, సిటీ చుట్టూ వేస్తామంటున్న రోడ్డు చూపిస్తూ, "రీజనల్ రింగు రోడ్డు ఇట్ల పోతది సార్, మన ప్లాటుకు ఇంతే దూరం" అని వేలితో గీత గీశాడు. తర్వాత చౌటుప్పల్‌లో ఇంకొకాయన అదే రోడ్డును ఇంకోలా గీశాడు. ఎవరి వేలు వాళ్లది. నేను మాత్రం షాద్‌నగర్ షామియానా కిందే 25 వేలు టోకెన్ ఇచ్చేశాను. ఇంటికొచ్చి చల్లబడ్డాక లేఅవుట్ నంబరు అడిగితే "పంచాయతీ అప్రూవల్ ఉంది కదా సార్" అన్నారు. పంచాయతీ తనంతట తానే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వలేదు. ప్రభుత్వ ప్లానింగ్ సంస్థలైన డీటీసీపీ గానీ హెచ్‌ఎండీఏ గానీ ఇవ్వాలి. స్థలం 500 చదరపు మీటర్లు, ప్లాట్లు ఎనిమిది దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు కూడా ఉండాలి. ఆ నంబరును రెరా వెబ్‌సైట్లో కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను బిర్యానీకి ముందే పెట్టి ఉంటే సరిపోయేది. మూడు నెలలు తిరిగితే 10 వేలు వెనక్కి వచ్చాయి.

అప్పటి నుంచి మా ఆవిడ పగ్గాలు చేతిలోకి తీసుకుంది. "ఎవరి కారూ వద్దు. మామూలు రోజున బస్సులో పోదాం" అంది. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి, ఆమెకూ మా అమ్మకూ ఖర్చు లేదు, నా ఒక్కడి టికెట్టే. పైగా బస్సులో పక్క సీటామెకు మనకు ప్లాటు అమ్మాల్సిన పనేమీ లేదు. ఊళ్లో ఏ వీధికి నీళ్లు సరిగ్గా రావో, ఏ స్కూల్లో టీచర్లు నెలకొకరు మారుతున్నారో అడగకుండానే చెప్తుంది.

నిజానికి నా మొగ్గు చౌటుప్పల్ వైపే ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి 50 కిలోమీటర్ల లోపే, విజయవాడ హైవే మీదే, ఎప్పుడు నిలబడ్డా బస్సు దొరుకుతుంది. రైలు లేదు గానీ నాకు పట్టింపు లేదు. అక్కడ మా ఆవిడ వాళ్ల చిన్నమ్మ ఉంటే ఒక రాత్రి ఉండి చూద్దామని వెళ్లాం. ఆరుబయట మంచాలు వేసుకుని పడుకున్నాం. పదకొండు దాటాక గాలి మళ్లింది. ఏదో మందుల వాసన, ముక్కుకు కాదు, గొంతుకు తగిలేలా. పాప లేచి కూర్చుంది. నేను చిన్నమ్మను లేపి గ్యాస్ లీకవుతోందేమో చూడమన్నాను. ఆమె కళ్లు కూడా తెరవకుండా, "కంపెనీల వాసన బిడ్డా, గాలి ఇటు తిరిగితే వస్తది, పొద్దుగాల వరకు పోతది, పండుకో" అంది. నాకు వాసన కన్నా ఆ "పండుకో" ఎక్కువ భయం వేసింది. అన్ని వీధులకూ రాదట, అన్ని రోజులూ రాదట. కానీ ఆదివారం పగలు వెళ్లి వచ్చేవాడికి అసలు తెలియదు. మహబూబ్‌నగర్ దారిలో జడ్చర్ల వైపు చూస్తానన్నా ఇదే మాట: అక్కడి పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఫార్మా కంపెనీలున్నాయి, ఒక రాత్రి పడుకుని చూడండి.

పొద్దున ఇంకో సంగతి జరిగింది. చిన్నమ్మ చాయ్‌కు నీళ్లు పెట్టింది. గిన్నె అంచున తెల్లగా సున్నం కట్టి ఉంది. నేను తెలివిగా "ఇదేనా ఫ్లోరైడ్?" అన్నాను. కాదు. ఆ తెల్లపొర కఠిన జలం, అంటే సున్నం ఎక్కువున్న నీళ్ల గుణం. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. నీళ్లు మరిగిస్తే పోదు సరికదా, నీరు ఆవిరయ్యే కొద్దీ లీటరులో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లతో ఉన్న మనుషులను మా అమ్మ తన కళ్లతో చూసింది, అందుకే బోరు మాట ఎత్తితే ఆమె ఒప్పుకోదు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. ఊరికి దక్కిన కీర్తి చూడండి. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా పథకంతో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పరిస్థితి మారింది. అయితే కొత్త వెంచర్లలో చాలావాటికి ఆ పైపు ఇంకా చేరలేదు, అక్కడ దిక్కు బోరే. అందుకని ఇల్లు చూసినప్పుడు "నీళ్లున్నాయా?" అని అడగొద్దు, అందరూ ఉన్నాయనే అంటారు. "నల్లా ఎప్పుడొస్తది, ఎంతసేపు, మే నెలలో ట్యాంకర్ తెప్పించుకున్నరా?" అని అడగండి. అదీ ఓనర్‌ను కాదు, ఎదురింట్లో అద్దెకుండే వాళ్లను. బోరు నీళ్లే అయితే ఒక సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించండి.

మహబూబ్‌నగర్ నాకు బాగా నచ్చింది, ఈ మాట మా ఇంట్లో మెల్లగా అనాలి. కాచిగూడ నుంచి డబుల్ లైను, కరెంటు బండ్లు, పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుంటే టెన్షనే లేదు. 150 కిలోమీటర్ల లోపు కాబట్టి నెలవారీ సీజన్ టికెట్ వస్తుంది, రెండు రోజులకైనా రోడ్డు ఖర్చు కన్నా నయం. ఎప్పుడూ వలసలకే పేరు పడిన పాలమూరులో, అంటే ఈ మహబూబ్‌నగర్‌లోనే, ఇప్పుడు యూనివర్సిటీ ఉంది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. సాయంత్రం పాపను పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉన్న చోటికి తీసుకెళ్తే, అక్కడ పరుగెత్తడం మొదలుపెట్టి మళ్లీ పిలిస్తే రాలేదు. మీ ఆఫీసు శంషాబాద్ వైపైతే, లేదా కాచిగూడ నుంచి నడిచి వెళ్లేంత దూరమైతే, ఇంకేం ఆలోచించకుండా మహబూబ్‌నగరో షాద్‌నగరో చూడండి. మేం అక్కడ టోకెన్ దెబ్బ తిన్నంత మాత్రాన షాద్‌నగర్ చెడ్డ ఊరేం కాదు, రైలూ ఉంది, బెంగళూరు హైవే ఉంది. అద్దెలు మాత్రం మాకు సిటీ అద్దెల్లాగే చెప్పారు.

మేం చివరకు నల్లగొండలో దిగాం. కారణం గొప్పగా ఏమీ లేదు. ఒక మంగళవారం సాయంత్రం దేవరకొండ రోడ్డు వైపు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు, ఓనర్ తాళం తేవడానికి ఆలస్యమైంది. మా అమ్మ మోకాళ్ల నొప్పితో పక్కింటి అరుగు మీద కూర్చుంది. మేం తాళం తీసి, గదులు చూసి, బాత్రూం కుళాయిలు తిప్పి బయటికొచ్చేసరికి ఆమె చేతిలో చాయ్ ఉంది. ఆ ఇంటావిడది మా పక్క ఊరేనని, చిన్నప్పుడు ఒకే చెరువులో బట్టలుతికారని తేల్చుకుని కూర్చున్నారు. సిటీలో ఆరేళ్లున్నా అమ్మకు కూర్చోడానికి అరుగు దొరకలేదు. బస్సెక్కాక "ఇల్లెట్లుంది?" అని అడిగితే "ఇల్లు నేనేడ చూసిన కొడకా" అంది. అంతే, అడ్వాన్సు ఇచ్చేశాం. ప్లాటుకు కాదు, అద్దెకు, 11 నెలల అగ్రిమెంటు. మీరూ ముందు అద్దెకే దిగండి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాక కొనాలనిపిస్తే కొనొచ్చు.

నల్లగొండ కష్టాలు కూడా చెప్పకపోతే మోసం చేసినట్టే. నార్కట్‌పల్లి దాకా వచ్చి హైవే ఎక్కాలి, ఎల్బీనగర్‌కు రెండు గంటలకు తక్కువ పట్టదు. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర చిక్కుకుంటే ఆ లెక్కా ఉండదు. రైలు ఉంది గానీ సింగిల్ లైను, క్రాసింగ్‌లో ఆపితే ఆపిందే. "వందే భారత్ ఆగుతుంది బావా" అని మా బామ్మర్ది గొప్పలు పోతాడు, అది తిరుపతి వెళ్లడానికి బాగుంటుంది, ఆఫీసుకు కాదు. కోతులు మా వీధిలో సొంత ఇల్లున్న వాళ్ల కన్నా ధీమాగా తిరుగుతాయి. మంచి విషయం, పానగల్లు ఉదయ సముద్రం నిండుగా ఉన్న రోజుల్లో కట్ట మీద సాయంత్రం గాలికి పోయి, పక్కనే ఛాయా సోమేశ్వరాలయం చూసి రావచ్చు. పాప బడికి నడిచి వెళ్తుంది.

మీ ఇంట్లో ఒకరికి ఆస్తమా ఉందని రాశారు కాబట్టి, చౌటుప్పల్ వెళ్లినా, జడ్చర్ల వెళ్లినా ఆ రాత్రి ఉండకుండా మాట ఇవ్వకండి. నల్లగొండ వస్తే మాత్రం మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి రండి. చుట్టూ రాతి గుట్టలు, రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. పై అంతస్తు ఇల్లు ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు. మేం మొదటి సంవత్సరం తీసుకున్నాం.