మీరు ఏం పని చేస్తారు, అది మీకు నచ్చిందా, మళ్ళీ అదే ఎంచుకుంటారా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి: ఏం పని చేస్తారు, అది నచ్చే చేస్తున్నారా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే ఇదే ఎంచుకుంటారా. మొదటిదానికి జవాబు తేలిక. మిగతా రెండిటికీ కాస్త కథ చెప్పాలి.

నేను ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పదిహేడేళ్లయింది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "ఓహో, రక్తం తీస్తారా" అంటారు. తీస్తాను. పొద్దున్న రెండు మూడు గంటలు అదే పని. ఆ తర్వాత ట్యూబులు పట్టుకుని లోపలికి వెళ్ళాక జరిగేదే అసలు పని. దాన్ని చూసేవాళ్లుండరు. రిపోర్టు ఆలస్యమైతే తప్ప అక్కడ ఒక మనిషి కూర్చుని ఉన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

రక్తం తీయడం నాకు మొదటి నుంచీ ఇష్టమే. కంటికి నీలంగా కనిపించే నరం కన్నా వేలి కింద స్ప్రింగులా తగిలే నరం నయమని నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. కండలు తిరిగిన కుర్రాడు సూది చూడగానే తెల్లబోయి కుర్చీలోంచి జారిపోతాడు. ఎముకల గూడులా ఉన్న ముసలావిడేమో "నీకు దొరక్కపోతే ఇంకో చెయ్యి చూడు నాయనా, కంగారు పడకు" అని నాకే ధైర్యం చెబుతుంది. పడిపోయేవాడు పిరికివాడేం కాదు. భయానికి కొందరి శరీరం గుండె వేగాన్నీ బీపీనీ ఒక్కసారిగా తగ్గించేస్తుంది, అంతే. అలాంటివాళ్లను ముందే పడుకోబెట్టి తీస్తాం. "మీ హస్తవాసి మంచిది, గుచ్చినట్టే తెలియలేదు" అని ఎవరైనా అంటే ఆ రోజంతా అదో హుషారు. జీతం స్లిప్పులో ఎక్కడా కనపడదు గానీ అదీ జీతమే.

ఇక లోపలి సంగతి. మేం రక్తం తీసేటప్పుడు రంగురంగుల మూతల ట్యూబుల్లోకి పంచడం చూసే ఉంటారు. అవి అందం కోసం కాదు. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టదు, కణాలు లెక్కపెట్టుకోవచ్చు. లేత నీలం ట్యూబులో సిట్రేట్ ఉంటుంది, అందులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు మందు. గీత దాకా నింపకపోతే గడ్డకట్టే టైము తప్పుగా వస్తుంది. బూడిద రంగుది షుగర్ కోసం. మామూలు ట్యూబులో వదిలేస్తే రక్తకణాలే ఆ చక్కెరను తినేస్తూ ఉంటాయి, గంట గంటకీ విలువ పడిపోతుంది. ఈ రంగుల సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగం మీద నాకున్న ఇష్టం ఒక ఊదా మూత దగ్గర మొదలైంది.

చేరిన మూడో ఏడు. నైట్ డ్యూటీ, రెండు దాటింది. వార్డు నుంచి ఎర్ర మూత ట్యూబులో వచ్చిన ఒక శాంపిల్ పెడితే మెషిన్ పొటాషియం 9.1 అని చూపించింది. మామూలుగా అది 3.5 నుంచి 5 మధ్యలో ఉంటుంది. ఆరున్నర దాటితేనే గుండె లయ తప్పుతుందేమోనని డాక్టర్లు పరుగులు పెడతారు. అలాంటి అంకె వచ్చినప్పుడు వెంటనే వార్డుకి ఫోన్ చెయ్యాలన్నది రూలు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడు కింది లైన్ కనబడింది. కాల్షియం 3.8. అది ఎనిమిదిన్నర పైన ఉండాలి. ఆ రెండు అంకెలూ కలిసి నిజమైతే ఆ మనిషి మంచం మీద మామూలుగా ఉండే అవకాశమే లేదు. ఫోన్ చేసి, రిపోర్టు చెప్పకుండా, "పేషంట్ ఎలా ఉన్నారు సిస్టర్?" అన్నాను. "బానే ఉన్నారు, కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు, పడుకోమంటే వినరు" అంది ఆవిడ.

"ఎర్ర మూత ట్యూబులో రక్తం తక్కువైందా సిస్టర్?"

కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, "అవునండీ, కొంచెమే వచ్చింది. ఊదా దాంట్లో ఎక్కువుంటే అందులోంచి కొంచెం పోశాను" అంది.

అదీ విషయం. ఆ ఊదా ట్యూబులోని ఈడీటీఏ పొటాషియం లవణం. అది కలిస్తే పొటాషియం పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు కనపడుతుంది. మళ్ళీ తీసి పంపమన్నాను. "మళ్ళీ గుచ్చాలా? ఆయన నన్ను తిడతారు" అని విసుక్కుంది గానీ పంపింది. రెండోసారి పొటాషియం 4.2.

మొదటి అంకెను నమ్మి పంపి ఉంటే పొటాషియం దించడానికి ఇన్సులిన్, గ్లూకోజ్ ఎక్కించేవాళ్లు. 4.2 ఉన్న మనిషికి దాన్ని ఇంకా దించితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ పేషంటుకి ఈ సంగతేమీ తెలియదు. అర్ధరాత్రి రెండోసారి సూది గుచ్చారని మాత్రం గుర్తుండి ఉంటుంది. పొద్దున్న డ్యూటీ దిగి ఇంటికెళ్లి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. సంతోషంతోనో వణుకుతోనో ఇప్పటికీ చెప్పలేను. ఈ ఉద్యోగం నాదని అనిపించింది మాత్రం ఆ పొద్దున్నే.

అంతకుముందు అలా అనిపించేది కాదు. నిజం చెప్పాలంటే చేరిన ఆరు నెలలకే మానేద్దామనుకున్నాను. కారణం నేను చేసిన తప్పు. ఆ రోజు బయట వరుసలో ఒకే పేరున్న ఆడవాళ్లు ఇద్దరున్నారు. నేను లోపల్నుంచి తొంగిచూసి, "ఫలానా పేరు మీదేనా అమ్మా?" అన్నాను. ముందున్నావిడ తలూపింది. ఆవిడ పేరు అదే, అబద్ధం లేదు. కానీ నా చేతిలో ఉన్న చీటీ రెండో ఆవిడది. వయసు చూడలేదు, నంబరు చూడలేదు. తీశాను, లేబుల్ అంటించాను, పంపాను.

హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. అదే నంబరు మీద నెల కిందట 13.1. పాత రిపోర్టుతో పోల్చి ఇంత తేడా ఉంటే ఆగమని కంప్యూటర్ గుర్తు పెడుతుంది. దాన్ని డెల్టా చెక్ అంటాం. అది మా సీనియర్ మేడమ్ కంటపడింది. నన్ను పిలిచి, అరవకుండా, ఒకే మాట అడిగారు.

"నువ్వు ఆవిణ్ణి పేరు అడిగావా, నువ్వే పేరు చెప్పావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. మనం పేరు చెప్పి "కదా" అంటే, సగం వినపడినవాళ్లు, భయపడినవాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు అందరూ తలూపుతారు. "మీ పేరేంటమ్మా?" అని అడిగితే వాళ్లే చెప్పాలి. పేరొక్కటీ చాలదు, దాంతోపాటు పుట్టిన తేదీయో నంబరో ఇంకోటి సరిపోలాలి. ఇది మొదటి వారంలోనే నేర్పారు. నేర్చుకున్నాననే అనుకున్నాను. ఇద్దరినీ వెతికి పట్టుకుని మళ్ళీ తీశాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది రక్తం ఎక్కించడానికి గ్రూపు చూసే శాంపిల్ అయి ఉంటే? 1901లో లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త రక్తపు గ్రూపులు కనిపెట్టాక కూడా తప్పు గ్రూపు ఎక్కడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. పరీక్ష తప్పడం కన్నా ఎక్కువగా, ఒకరి ట్యూబు మీద ఇంకొకరి పేరు పడడం.

ఆ తర్వాత రెండు నెలలు ప్రతి లేబులూ మూడుసార్లు చూసేవాణ్ణి. ఇంటికొచ్చాక తాళం వేశానో లేదో చూసినట్టు, పడుకునే ముందు ఆ రోజు తీసినవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ గుర్తు చేసుకునేవాణ్ణి. ఆ టెన్షన్‌ పూర్తిగా పోలేదు. పోకూడదేమో కూడా.

విసుగు లేదా అంటే, బోలెడు. పొద్దున్నే మెషిన్లకి కంట్రోల్స్ పెట్టాలి, అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్ పెట్టి, మెషిన్ సరిగ్గా చెబుతోందో లేదో చూడాలి. ఆ చుక్కల్ని రోజూ ఒక చార్టు మీద పెడతాం. చుక్కలు సగటు గీతకి అటూ ఇటూ ఆడుతుంటే మంచిది. వరుసగా ఒకే పక్కన పడుతున్నాయంటే ఏదో జారుతోందని అర్థం. రీఏజెంట్, అంటే పరీక్షకి వాడే రసాయనం, పాతదయిందో, మెషిన్‌లో లైటు బలహీనపడిందో. పదిహేడేళ్లుగా రోజూ అదే చార్టు, అవే చుక్కలు. కొత్తగా చేరిన పిల్లలు "బాగానే ఉంది కదా సార్, రోజూ ఎందుకు" అంటారు. నేనూ అనేవాణ్ణి.

కొన్నాళ్లకి మెషిన్లే మొత్తం చేసేస్తాయి, మీ పని పోతుందని కూడా అంటుంటారు. చాలా పని పోయింది, నిజమే. ఒకప్పుడు కణాలన్నీ మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు నిమిషంలో అంకె వస్తుంది. కానీ మొన్నొక శాంపిల్‌కి మెషిన్ ప్లేట్‌లెట్లు 18 వేలు అంది. ఆ మనిషికి ఎక్కడా రక్తం కారడం లేదు, ఒంటి మీద మచ్చ లేదు. స్లైడు గీసి, రంగు వేసి, అంచు దగ్గర చూస్తే ప్లేట్‌లెట్లు ద్రాక్ష గుత్తుల్లా ముద్దలు కట్టి ఉన్నాయి. కొద్దిమందికి ఈడీటీఏ తగిలితే అలా అవుతుంది. మెషిన్ ఒక ముద్దను ఒకటిగా లెక్కేసుకుంటుంది, లేదా అసలు లెక్కే వేయదు. నీలం ట్యూబులో మళ్ళీ తీసి, అందులో మందు వల్ల పలచబడిన దానికి వచ్చిన అంకెను 1.1తో గుణిస్తే లక్షా తొంభై వేలు. ఆ గుత్తుల్ని పక్కవాళ్లందరినీ పిలిచి చూపించాను. చిన్నపిల్లాడికి కొత్త బొమ్మ దొరికినట్టు ఎగురుతున్నానని నవ్వారు.

కష్టం కూడా చెప్పాలి కదా. ఒకసారి వాడిన సూది నా వేలికి గుచ్చుకుంది. సూదికి మళ్ళీ మూత పెట్టబోయాను, పెట్టకూడదని తెలిసీ. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల రక్తం సూదితో గుచ్చుకుంటే అంటుకునే అవకాశం సుమారు వెయ్యికి మూడు. 72 గంటల్లోపు మందు మొదలుపెడితే అదీ బాగా తగ్గుతుంది. ఈ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు, ఇతరులకి చెప్పి ధైర్యమిచ్చినవాణ్ణే. నా వంతు వచ్చేసరికి ఆ ముగ్గురిలో నేనొకణ్ణని ఎందుకనిపించిందో! ఇరవై ఎనిమిది రోజులు మందు మింగాను. ఏమీ కాలేదు. ఆ నెలలో ఉద్యోగం నచ్చిందా అని అడిగి ఉంటే వేరే జవాబు వచ్చేది.

ఇంకో తలనొప్పి చుట్టాలు. రిపోర్టు ఫొటో పంపి, ఒక విలువ పక్కన గుర్తు ఉంది, కంగారుగా ఉందంటారు. సాధారణంగా ఆ నార్మల్ హద్దుల్ని వందమంది ఆరోగ్యవంతుల్లో తొంభై ఐదుగురు పట్టేలా పెడతారు. అంటే ఏ రోగమూ లేనివాళ్లలో కూడా నూటికి ఐదుగురు బయటే ఉంటారు. ఒకేసారి ఇరవై పరీక్షలు చేయిస్తే, మనిషి గుండ్రాయిలా ఉన్నా ఏదో ఒకటి హద్దు దాటే అవకాశమే ఎక్కువ. ఇది చెప్పి, డాక్టరుకి చూపించుకోమంటాను. "నీకు తెలుసు కదా, చెప్పొచ్చు కదా" అని అలుగుతారు. అంకె ఇవ్వడం వరకే నా పని. దానికి అర్థం చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ఆ గీత దగ్గర ఆగడం ఇన్నేళ్లయినా కాస్త కష్టంగానే ఉంటుంది, నిజానికి చాలాసార్లు నాకు తెలిసే ఉంటుంది కాబట్టి. ఒకసారి ఒక చిన్న పిల్ల తెల్లకణాల స్లైడులో కనపడకూడనివి కనపడ్డాయి. ఆ పిల్ల తండ్రి కిటికీ దగ్గర నిలబడి "రిపోర్టు బానే ఉందా అండీ" అంటాడు. "డాక్టర్ గారు చెబుతారండీ" అని తల వంచుకోవాలి.

మూడో ముక్కకి జవాబు: ఎంచుకుంటాను, రెండు షరతుల మీద. నైట్ డ్యూటీలు నలభై దాటాక వద్దు, ఒళ్లు ఒప్పుకోవడం లేదు. మైక్రోబయాలజీ పక్కకి వెళతాను. అక్కడ ప్లేటు మీద ఏం మొలిచిందో చూడటానికి పొద్దున్నే పరిగెత్తుకొచ్చేవాళ్లను చూస్తే నాకు అసూయ. జీతం పెంచుతామంటే వద్దనను, కానీ దాని కోసం అయితే ఎప్పుడో మానేసి ఉండాల్సింది.

మేడమ్ రిటైరై చాలా ఏళ్లయింది. ఆవిడ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి ట్రే పట్టుకుని లోపలికొచ్చింది. లేబుళ్లన్నీ వరుసగా, ముచ్చటగా ఉన్నాయి. అయినా ఒక ట్యూబు పైకెత్తి అడిగాను: "పేరు అడిగావా అమ్మా, చెప్పావా?" ఆ పిల్ల నా వంక ఒక క్షణం చూసింది. ఏమీ అనకుండా ట్రే అక్కడే పెట్టి, మళ్ళీ బయటికి వెళ్ళింది.