ఓటీపీ చెప్పేశాను, సౌండ్‌బార్ మాత్రం బాగవ్వలేదు.. కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఆన్‌లైన్‌లో 21,990 రూపాయలు పెట్టి సౌండ్‌బార్ కొన్నాను, ఏడాది వారంటీ. నాలుగో నెల నుంచి ఓ అరగంట ఆడాక సబ్‌వూఫర్‌కి (బేస్ వినిపించే విడి స్పీకర్) కనెక్షన్ దానంతటదే పోతోంది. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా ఐదు నిమిషాలు పాట పెట్టి "బాగానే ఉంది కద సార్" అని ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడేమో వారంటీ అయిపోయింది, కొత్తది కొంటే 40 శాతం తగ్గిస్తాం అంటున్నారు. కేసులేవైనా ఢిల్లీలోనే వేయాలని వాళ్ల షరతుల్లో ఉంది. బిల్లు మా బామ్మర్ది మొబైల్ షాపు జీఎస్టీ నంబర్ మీద ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఢిల్లీ సంగతి ముందు వదిలేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఎక్కడ ఉంటే అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, అంటే ఖమ్మంలోనే. షరతుల్లో వాళ్లు ఏం రాసుకున్నా చట్టం ఇచ్చిన ఈ హక్కు పోదు. 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు కూడా లేదు. లాయర్ని పెట్టుకోవాలన్న రూలూ లేదు, మీరే వాదించుకోవచ్చు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా, కానీ 22 వేల కేసుకి లాయర్ ఫీజు గిట్టదు).

వారంటీ అయిపోయిందన్న మాట కూడా నిలబడదు. ప్రాబ్లం ఎప్పుడు మొదలైంది, మీరు ఎప్పుడు కంప్లైంట్ ఇచ్చారు అన్నదే చూస్తారు, మూడు కంప్లైంట్లూ వారంటీలోనే ఇచ్చారు కదా. కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ల టైం ఉంటుంది, దాన్ని మొదటి కంప్లైంట్ నుంచే లెక్కేసుకుంటే సేఫ్, ఆగి చూద్దాంలే అనుకోవద్దు.

అసలు చిక్కు ఆ ఓటీపీ దగ్గరే ఉంది. కొన్ని కంపెనీలు దాన్ని హ్యాపీ కోడ్ అంటాయి, మీరు ఆ అంకెలు చెప్పగానే వాళ్ల సిస్టంలో కాల్ క్లోజ్ అయిపోయి కస్టమర్ సంతృప్తి చెందాడు అని పడిపోతుంది, రేపు కమిషన్ ముందు వాళ్లు తెచ్చే మొదటి కాగితం అదే, "మూడుసార్లూ ఆయనే ఓకే అన్నాడండీ" అని. అలాగని మీ కేసు పోయినట్టు కాదు. అది ఒక సాక్ష్యం, అంతే. బాగైన వస్తువు కోసం మూడుసార్లు ఎవరూ ఫోన్ చేయరు కదా, ఆ మాట కంప్లైంట్‌లో గట్టిగా రాయండి. ఎవరైనా సరే ఇలాంటి మధ్యమధ్యలో వచ్చే ఫాల్ట్ ఉంటే అది కనపడేదాకా టెక్నీషియన్ని కూర్చోబెట్టాలి, కూర్చోనంటే జాబ్ షీట్‌లో (టెక్నీషియన్ చేసిన పని రాసే కాగితం) "అరగంట టెస్ట్ చేయలేదు" అని రాయించి అప్పుడే కోడ్ చెప్పాలి, అదీ కుదరకపోతే ఆ రోజే కంపెనీకి ఒక మెయిల్ పడేయాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది, టీవీలో టైం కనపడేలా పెట్టి సౌండ్‌బార్ ఆన్ చేసిన దగ్గర్నుంచి సబ్‌వూఫర్ లైట్ మారి బేస్ ఆగేదాకా కట్ లేకుండా వీడియో తీయండి, వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ కూడా అందులోనే చూపించండి. బయట మెకానిక్‌తో మాత్రం విప్పించొద్దు, సీల్ పోయిందంటే తప్పు మీ మీదకి తోసేస్తారు. లోపం చూస్తే తెలిసేది కాదు అనుకుంటే కమిషనే ల్యాబ్‌కి పంపొచ్చు, సెక్షన్ 38లో ఆ ఏర్పాటు ఉంది, టెస్ట్ ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు.

ప్రొడక్ట్ లయబిలిటీ కింద లక్షలు అడగమని మీకు ఎవరో ఒకరు చెప్తారు. అది మీకు వర్తించదు. అది వస్తువు వల్ల మనిషికో, ఇంకో ఆస్తికో నష్టం జరిగినప్పుడు, ఉదాహరణకి ఇయర్‌బడ్ బ్యాటరీ పేలి చెవి కాలితే. వస్తువే పాడైతే చట్టం దాన్ని ఆ లెక్కలోకి తీసుకోదు. మీది మామూలు డిఫెక్ట్ కంప్లైంట్, రీఫండ్ లేదా రీప్లేస్‌మెంట్, వడ్డీ, ఖర్చులు, పడ్డ ఇబ్బందికి నాలుగు వేలో ఐదు వేలో అడగండి. 22 వేల వస్తువుకి 10 లక్షలు అడిగితే మీ మాట మీద నమ్మకం పోవడం తప్ప వచ్చేదేం లేదు.

జీఎస్టీ బిల్లు గురించి మాత్రం కాస్త జాగ్రత్త. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడే కాదు అని కంపెనీ కచ్చితంగా అంటుంది. వ్యాపారం కోసమే కొన్నారని రుజువు చేయాల్సింది అవతలి పార్టీయేనని 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది మీకు పనికొస్తుంది. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునేవాళ్లు కూడా చట్టంలో వినియోగదారులే. కానీ మీ బామ్మర్ది ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (బిల్లులో కట్టిన జీఎస్టీని షాపు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే షాపు కోసం కొన్నట్టు ఆయనే రాసిచ్చినట్టు అవుతుంది, కేసు నెగ్గడం బాగా కష్టమవుతుంది. తీసుకోకపోతే, డబ్బు మీ అకౌంట్ నుంచే వెళ్లిందని చూపించే బ్యాంక్ స్టేట్‌మెంట్, సౌండ్‌బార్ మా బావ ఇంట్లో వాడకానికే అని ఆయన అఫిడవిట్ రెండూ కలిపి పెట్టండి. దాచొద్దు, బిల్లు మీద నంబర్ ఎలాగూ కనపడుతుంది.

ముందు 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టండి, చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి. దాంతోపాటు కంపెనీకీ, అమ్మిన సెల్లర్‌కీ, ఆ ఆన్‌లైన్ సైటుకీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. కదలకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయండి, ముగ్గురినీ పార్టీలుగా పెట్టండి. కమిషన్ పంపిన నోటీసు అందాక 30 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు, ఆ తర్వాత ఇచ్చినా తీసుకోరు. ల్యాబ్ టెస్ట్ అక్కర్లేని కేసు 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ వాస్తవంలో అంత తొందరగా అవ్వదు, వాయిదాలకి సిద్ధంగా ఉండండి.

40 శాతం కూపన్ ఇప్పుడే వాడకండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ (దీంతో లెక్క తేలిపోయింది, ఇక ఏమీ అడగను అని ఒప్పుకోవడం) అని ఉందేమో చూడండి, ఉంటే ఆ కూపన్ వాడిన రోజే మీ కేసు దాదాపు ముగిసినట్టు. ఈలోపు ఆ డిస్కౌంట్ ఇస్తామన్న మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి, లోపమే లేదన్నవాళ్లు డిస్కౌంట్ ఎందుకు ఇవ్వబోయారని అడగడానికి ఉంటుంది.