పని అయిపోతే సరిపోదు, ఫైలు అయిపోవాలి

పంచాయతీరాజ్‌లో కాంట్రాక్టుకి సీసీ రోడ్డు పూర్తిచేసి బిల్లు తీసుకున్నాక ఈఎండీ (టెండరప్పుడు కట్టే ధరావతు), ఎఫ్‌ఎస్‌డీ (బిల్లులో కోసి ఉంచుకునే సెక్యూరిటీ డిపాజిట్) ఎప్పుడు తిరిగి వస్తాయని మీరు అడిగారు. డీఎల్‌పీ, అంటే రోడ్డులో లోపం వస్తే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు, రెండేళ్లు అయ్యాక అని అందరూ చెబుతారు. నేనైతే మీరు వెళ్లి అడిగేదాకా రావంటాను.

నా సంగతే చెబుతా. 2017 ఏప్రిల్‌లో 12 లక్షల సీసీ రోడ్డు ఒకటి పూర్తి చేశాను. ఈఎండీ రెండున్నర శాతం, బిల్లులో కోసుకున్న ఎఫ్‌ఎస్‌డీ ఏడున్నర, మొత్తం లక్షా ఇరవై వేలు వాళ్ల దగ్గరే ఉంది. ఫైనల్ కొలతలు తీసుకోకుండానే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు బదిలీ అయిపోయారు, కొత్తాయన వచ్చి కొలిచి ఎంబుక్ (కొలతల పుస్తకం) ఎక్కించేసరికి నవంబర్. బిల్లు వచ్చిందన్న సంతోషంలో నేను ఎంబుక్‌లో పని పూర్తయిన తేదీ ఏం రాశారో చూడలేదు. తప్పు అక్కడే జరిగింది. కొత్త ఏఈ తను కొలిచిన తేదీనే రాసేశాడు.

2019 ఏప్రిల్‌లో డబ్బు కోసం వెళ్తే, మీ డీఎల్‌పీ నవంబర్ దాకా ఉందండీ అన్నారు. సరే ఏడు నెలలే కదా అని ఊరుకున్నా. మేలో ఆ వీధిలో పెళ్లి. పందిరి గుంజలు పాతడానికి నా రోడ్డుకే గునపంతో నాలుగు గుంతలు కొట్టారు. నవంబర్‌లో డీఈ (ఏఈ పైన ఉండే ఇంజనీరు) గారు చూడ్డానికి వచ్చి, వంగి ఒక గుంతలో జేబులోని పెన్ను దించి చూశారు, క్యాప్ దాకా దిగింది. "ఇవి పూడ్చి రా, లోపాల్లేవని సర్టిఫికెట్ ఇస్తా" అన్నారు. సార్, ఇది నా పని లోపం కాదు, పెళ్లివాళ్ల పని అంటే, అది నాకెందుకయ్యా, రోడ్డు డీఎల్‌పీలో ఉందా లేదా అన్నారు. ఆయన్నీ అనలేం. ఒక బస్తా సిమెంటు, ఒక మేస్త్రీ, ఒక రోజు కూలీ నా జేబులోంచే పోయాయి. తేదీ సరిగ్గా పడి ఉంటే ఆ గుంతలు నావే కావు.

ఇంకో మాట. బిల్లు ఆన్‌లైన్ అంటారు, మళ్లీ మూడు సెట్ల జిరాక్స్ అడుగుతారు. ఊళ్లోవాళ్లకు నేను గవర్నమెంటు డబ్బు తినేవాణ్ని, సిమెంటు షాపాయనకు మాత్రం బాకీదారుణ్ని.

అప్పట్నుంచీ పని ముగిసిన రోజే పూర్తయిందని లెటరు రాసి ఆఫీసులో ఇచ్చి, నా కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుంటున్నా. రోడ్డుకి రెండు చివర్లా ఫోటోలు తీసి పెట్టుకుంటున్నా. పని ముగించే గడువు పెంపు ఏమైనా ఉంటే ఆ ఆర్డరు కూడా ఫైల్లో ఉందో లేదో చూడండి, లేకపోతే అకౌంట్స్ సెక్షన్లో ఆగిపోతుంది. ఈఎండీ రసీదు పోగొట్టుకుంటే ఇంకో నెల తిరగాలి.

ముందు మీ ఎంబుక్‌లో పూర్తయిన తేదీ ఏం పడిందో చూసి రండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.