కుమిహిమో మొదలుపెట్టబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

కుమిహిమో అనే జపాను తాళ్ల అల్లిక నేర్చుకోవాలని ఉందనీ, ఏ పనిముట్టు కొనాలో, దేనితో మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. ఈ పనిలో చాలాకాలంగా ఉన్నదాన్ని, కొత్తవాళ్ల చేతులు ఎక్కడ తడబడతాయో చూస్తూ వచ్చినదాన్ని కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. కుమిహిమోలో అందమంతా పాయలన్నిటి బిగువూ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండడంలో ఉంది. రంగులూ పూసలూ ఆ తరువాతి సంగతి.

మూడు పాయల జడ వేసేటప్పుడు బిగువు సంగతి మన వేళ్లే చూసుకుంటాయి. ఇక్కడ పాయలు ఎనిమిదో, పదహారో, అంతకంటే ఎక్కువో ఉంటాయి కనుక ఆ పనిని జపాను వాళ్లు బరువులకు అప్పగించారు. మరుదాయ్ అనే గుండ్రటి చెక్క పీటకు మధ్యలో రంధ్రం ఉంటుంది. ప్రతి పాయ చివరా 'తమ' అనే బరువైన ఉండ పీట అంచు నుంచి వేలాడుతుంది. అల్లిన తాడు రంధ్రంలోంచి కిందికి దిగుతుంది, దానికి ఎదురు బరువు కడతారు. చదునైన, వెడల్పాటి తాళ్లకు తకదాయ్ అనే పెద్ద చట్రం వేరే ఉంది కానీ, దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

నువ్వు మొదట కొనవలసింది మరుదాయ్ కూడా కాదు, చుట్టూ 32 గాట్లు ఉన్న ఫోమ్ బిళ్ల. చవకైనది, ఒళ్లో పెట్టుకుని అల్లుకోవచ్చు. దళసరి అట్టతో ఇంట్లోనే చేసుకోవచ్చని చాలామంది చెబుతారు, చేసుకోవచ్చు కూడా. అయితే అట్ట గాట్లు త్వరగా వదులై పాయలు జారిపోతాయి, కొత్తలో ఆ చికాకు నీకు వద్దు. దారం విషయంలోనూ పట్టు మీద మనసు పోనివ్వకు. సన్నటి పట్టు పోగులు గరుకు వేళ్లకు పట్టుకుని రేగుతాయి, తప్పు ఎక్కడ జరిగిందో కంటికి ఆనదు. రెండు మిల్లీమీటర్ల శాటిన్ తాడు తీసుకో, ప్రతి మలుపూ స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి అల్లిక ఎనిమిది పాయల కొంగో-గుమి కావాలి. గుండ్రంగా, గట్టిగా, మెలి తిరిగినట్టు వస్తుంది. పూర్తయిన తాడు ఎంత కావాలో దానికి మూడు రెట్ల పొడవు పాయలు తీసుకోవాలి, చివర ముడికి ఇంకొంచెం కలుపుకోవాలి. చేతికి కట్టుకునే 20 సెంటీమీటర్ల తాడుకైతే 150 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోసి, అన్నిటినీ కలిపి సగానికి మడిచి, మడత దగ్గర చిన్న ఉచ్చు వదిలి దారంతో గట్టిగా చుట్టు. ఎనిమిది పాయలూ సిద్ధమవుతాయి, ఆ ఉచ్చే తరువాత కొలికికి పనికివస్తుంది. మడతను బిళ్ల నడుమ ఉన్న రంధ్రంలోంచి కిందికి దింపి, పాయలను పైన రెండు, కింద రెండు, కుడి రెండు, ఎడమ రెండుగా పక్కపక్క గాట్లలో బిగించు.

ఇక అల్లడం. పై జతలో కుడి పాయను తీసి కింది జతకు కుడి పక్కన ఉన్న గాటులో పెట్టు. కింద ఇప్పుడు మూడు పాయలు అవుతాయి. వాటిలో ఎడమ చివరి పాయను తీసి పై జతకు ఎడమ పక్కన పెట్టు. బిళ్లను పావు చుట్టు తిప్పు, మళ్లీ అదే చెయ్యి. ఏ వైపు తిప్పడం మొదలుపెట్టావో చివరిదాకా ఆ వైపే తిప్పాలి. మధ్యలో లేవవలసి వస్తే జతలన్నీ సమానంగా ఉన్నప్పుడు ఆపకు. కింద మూడు పాయలు ఉన్నప్పుడే ఆపు. తిరిగి వచ్చినప్పుడు ఎక్కడున్నావో ఆ మూడు పాయలే చెబుతాయి.

పాయలన్నీ కలిసే చోటును తరచుగా గమనించు. అది రంధ్రానికి సరిగ్గా నడుమ ఉండాలి. ఒక పక్కకు జరిగిందంటే ఆ వైపు పాయను ఎక్కువ లాగావన్నమాట. పాయను గాటులో పెట్టాక తిన్నగా ఉండేంత లాగితే చాలు, బలం చూపించనక్కరలేదు. తప్పు కనబడితే కత్తెర తీయకు, చేసిన కదలికలనే వెనక వరుసలో విప్పుకుంటూ రా. విప్పడం ఓపికగా నేర్చుకున్న వాళ్లకే ఈ అల్లిక నిజంగా వస్తుందని నా నమ్మకం. చివరలను కోయడానికి ముందే, కోసే చోటుకు ఇవతల దారంతో చుట్టి బిగించి చుక్క జిగురు వెయ్యి, లేకపోతే అల్లికంతా కళ్ల ముందే విచ్చుకుంటుంది.

ఒక తాడు సమంగా వచ్చాక రెండు రంగులు పట్టుకో. కదలికలు మార్చకుండా, మొదట ఏ రంగు ఏ గాటులో పెట్టావన్నది మార్చినా తాడు మీది నమూనా మారిపోతుంది. ప్రతి అమరికనూ కాగితం మీద గీసి, ఆ తాడు ముక్కను పక్కన అతికించి దాచుకో. ఆ తరువాత కళ్లజోడు తాడు, సంచి పట్టీ చెయ్యి. పాయలు పొడవైనప్పుడు చిక్కుపడకుండా బాబిన్లకు చుట్టుకోవాలి.

ఈ తాళ్లు అలంకారానికి మాత్రమే పుట్టలేదని కూడా తెలుసుకో. సమురాయ్ కవచాల్లోని చిన్న చిన్న పలకలను ఇలాంటి తాళ్లతోనే కూర్చేవారు, కత్తి ఒరలకు కట్టేవారు. 1876లో కత్తులు ధరించడాన్ని నిషేధించాక ఆ గిరాకీ పోయింది. అల్లేవాళ్లు కిమోనో నడికట్టు మీద బిగించే ఒబిజిమె వైపు మళ్లారు. ఇగా, క్యోతో ప్రాంతాల్లో ఆ పని నేటికీ సాగుతోంది. పదేపదే ముడి వేసి విప్పే తాడు కనుక ఒబిజిమె జారకూడదు, ముడి వదులు కాకూడదు. నీ తాడును కూడా ముడి వేసి, లాగి, విప్పి చూసి బేరీజు వేసుకో.

అప్పటికీ ఆసక్తి నిలిస్తే మరుదాయ్ కొను. 70 గ్రాముల తమలు ఎనిమిది వాడితే మొత్తం 560 గ్రాములు. ఎదురు బరువు అందులో దాదాపు సగం, అంటే 280 గ్రాముల దగ్గర మొదలుపెట్టు. ఈ ఎదురు బరువు పెంచితే తాడు మెత్తగా, వదులుగా సాగుతుంది, తగ్గిస్తే గట్టిపడుతుంది. ఒకే దారంతో రెండు మూడు బరువులు మార్చి అల్లి చూడు, నీకు నచ్చిన గట్టిదనం ఏదో తేలాక ఆ అంకెను నీ కాగితాల్లో రాసిపెట్టుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ