కోవిడ్ వార్డులో జాగ్రత్తలు: తెలిసినవి ఎన్ని, పాటించినవి ఎన్ని?

నర్సింగ్ ప్రాజెక్టు కోసం అడిగారు కదా, కోవిడ్ రోజుల్లో హైదరాబాద్ ఆసుపత్రుల సిబ్బందికి ఇన్ఫెక్షన్ కంట్రోల్ మీద ఎంత అవగాహన ఉండేది, ప్రశ్నాపత్రం ఇస్తే అది తేలుతుందా అని. నేను ఆ రెండేళ్లూ ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి కోవిడ్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. కాగితం మీద అడిగితే డాక్టర్లూ నర్సులూ దాదాపు అన్నీ సరిగ్గానే రాస్తారు. ఆ మార్కులు చూసి అంతా బాగుందని మాత్రం అనుకోకండి.

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే మార్చేసరికే మా దగ్గర భయం బాగా పట్టుకుంది. హ్యాండ్ రబ్ (చేతులకి రాసుకునే శానిటైజర్) అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. పీపీఈ కిట్, అంటే గౌను, గ్లవ్స్, గాగుల్స్, మాస్కు, వేసుకునేటప్పుడు పక్కన ఒకరు నిలబడి చూసేవారు. విప్పేటప్పుడు మాత్రం మొదట్లో ఎవరూ ఉండేవారు కాదు.

అసలు ప్రమాదమంతా విప్పడంలోనే ఉంది. ఎండాకాలం, కిట్ లోపల చెమట ధారలు, గాగుల్స్‌కి ఆవిరి పట్టి ఎదుటి మనిషి కనపడదు, మాస్కు అంచు ముక్కు దూలం మీద కోసుకుపోతుంటుంది. డ్యూటీ అయిపోగానే చెయ్యి ముందు మొహం మీదకే పోతుంది. ముందు గ్లవ్స్ తియ్యాలి, తర్వాత గౌను లోపలివైపు పైకి వచ్చేలా చుట్టుకుంటూ విప్పాలి, గాగుల్స్ వెనక పట్టీ పట్టుకుని తియ్యాలి, మాస్కు అన్నిటికన్నా చివర, రోగి గది బయటికి వచ్చాకే. మధ్య మధ్యలో హ్యాండ్ రబ్. తర్వాత మా ఇన్‌చార్జి సిస్టర్ కిట్లు విప్పేచోట నిలువుటద్దం పెట్టించి, ఇద్దరిద్దరుగానే విప్పాలని రూలు పెట్టారు: ఒకరు విప్పుతుంటే రెండోవాళ్లు వరస పైకి చదవాలి. అన్ని క్లాసులకన్నా ఆ అద్దమే మాకు ఎక్కువ పనికొచ్చింది.

భోజనాల గది ఇంకో సమస్య. వార్డులో అంత జాగ్రత్తగా ఉన్నవాళ్లమే, కిటికీలు మూసిన చిన్న గదిలో మాస్కులు తీసేసి పక్కపక్కన కూర్చుని తినేవాళ్లం. సొంత మనుషుల దగ్గర ఏమవుతుందిలే అనే ధీమా. దీని గురించి తప్పకుండా అడగండి.

ఇక ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు, హౌస్‌కీపింగ్ వాళ్లు. వాళ్ల విషయంలో నాకు ఇప్పటికీ బాధే. శిక్షణ అంతా ఇంగ్లీషు స్లైడ్లతో, డ్యూటీ నర్సులకే జరిగింది. నేల తుడిచేదీ, ఇన్ఫెక్షన్ చెత్త వేసే పసుపు సంచులు ముడివేసి మోసేదీ వాళ్లు. ఒకరోజు మా ఆయమ్మ బకెట్లో హైపో (సోడియం హైపోక్లోరైట్, క్రిములను చంపే మందు) అంచనాగా గుమ్మరిస్తుంటే కళ్లు మండిపోయాయి. "ఎంత పొయ్యాల్నో నాకెవ్వరు చెప్పలే సిస్టర్" అంది. మాకు వచ్చేది 5 శాతం ద్రావణం, కావాల్సింది 1 శాతం. ఒక మగ్గు మందు, నాలుగు మగ్గుల నీళ్లు అని చేసి చూపించాను. ఏ రోజుకారోజు కలుపుకోవాలనీ, యాసిడ్‌తో మాత్రం కలపకూడదనీ, కలిపితే విషవాయువు వస్తుందనీ చెప్పాను. మర్నాటి నుంచి కొత్తగా చేరినవాళ్లకి ఆమే నేర్పింది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు గాంధీలో మొదటి టీకా ఒక పారిశుధ్య కార్మికురాలికి వేశారు. ఆ గౌరవం శిక్షణలో కూడా దక్కాల్సింది.

కాబట్టి మీ ప్రాజెక్టులో ప్రశ్నాపత్రంతో పాటు, అనుమతి తీసుకుని, షిఫ్టు ముగిసే వేళ కిట్లు విప్పేచోట కొన్ని రోజులు నిలబడి చూసి రాసుకోండి. షిఫ్టు మొదట్లో చూస్తే అందరూ సరిగ్గానే చేస్తారు. ఆయమ్మలకి కాగితం ఇవ్వకుండా తెలుగులో అడగండి, ఉర్దూ మాట్లాడేవాళ్లని ఉర్దూలో. "తెలుసా" అని కాకుండా "చేసి చూపించమ్మా" అనండి.