వయొలిన్ క్లాసు రోజునే పాపకి కడుపునొప్పి

ప్రశ్న: మాది విజయనగరం. మా పాపకి తొమ్మిదేళ్లు. ఏడాదిన్నరగా కర్ణాటక వయొలిన్ నేర్పిస్తున్నాం. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని ఫుల్ సైజుదే కొన్నాం. ఇంకా జంట స్వరాల దగ్గరే ఉంది, అంటే ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు వాయించే తొలి పాఠాల దగ్గరే. నేను పెళ్లికి ముందు వీణ నేర్చుకున్నాను, ఏడాదిలోపే ఆ తర్వాత వచ్చే గీతాలు, అంటే చిన్న పాటలు, వాయించాను. రోజూ పక్కనే కూర్చుని గంటసేపు సాధన చేయిస్తాను. అపస్వరం పడితే ఊరుకోలేను. ఈమధ్య క్లాసు ఉన్నప్పుడల్లా కడుపునొప్పి అంటోంది. మొన్న బోకి, అంటే తీగెల మీద లాగే కమానుకి, రాసే రోజిన్ ముక్క తీసుకెళ్లి పప్పు డబ్బాల వెనక దాచేసింది. కోపం ఆపుకోలేక ఒకటి వేశాను. మావారేమో పాప ముందే "మానిపించెయ్, గొడవ వదిలిపోతుంది" అంటారు. "వయొలిన్ విద్వాంసులు ద్వారం వారు పాఠం చెప్పిన ఊళ్లో ఉండి వయొలిన్ రాకపోతే ఎలా" అని మా మామగారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు కడుపునొప్పి సంగతి. దాన్ని నాటకమని కొట్టిపారేయకండి. భయపడే పిల్లలకి నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. సెలవు రోజుల్లో కూడా వస్తుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. క్లాసు రోజుల్లోనే అయితే అక్కడేం జరుగుతోందో తీరిగ్గా, తిట్టకుండా అడగండి. కొడుతున్నారా? ఎవరైనా తనకి నచ్చని విధంగా తాకుతున్నారా? అలాంటిదేమైనా ఉంటే ఆ క్లాసు ఆ రోజుతోనే ఆపేయండి.

అవేవీ లేవనుకుందాం. అప్పుడు చూడాల్సింది మీ ఇంట్లో జరిగే ఆ గంట సాధనని.

మీరు పాపని మీ వీణతో పోల్చి చూస్తున్నారు. వీణకి ఇరవైనాలుగు మెట్లుంటాయి. మెట్టు మీద వేలుపెట్టి మీటితే కొత్తగా నేర్చుకునేవాళ్లకి కూడా స్వరం దాదాపు దాని చోట దొరుకుతుంది. వయొలిన్‌కి మెట్లే లేవు. వేలు కాస్త జరిగితే చాలు, రిషభం, అంటే 'రి' స్వరం, రిషభం కాకుండా పోతుంది. ఎడమచెయ్యి ఆ చోటు వెతుక్కుంటుంటే కుడిచెయ్యి బోని తిన్నగా లాగాలి. గట్టిగా నొక్కితే గీరుతుంది, వదిలేస్తే నాదం పలచబడుతుంది. ఆ గీరుడు పాపకీ వినిపిస్తూనే ఉంటుంది, మీకంటే దగ్గరగా. దాని మీద మీరు "శ్రుతి తప్పింది" అంటే, తనకి తెలిసిన తప్పునే ఇంకోసారి వినాలి. ఏడాదిన్నరకి జంట స్వరాల దగ్గర ఉండటం వెనకబడటమేమీ కాదు.

పైగా వాయిద్యం ఫుల్ సైజుది! తొమ్మిదేళ్ల పిల్లలకి మామూలుగా అర సైజో ముప్పావు సైజో సరిపోతుంది. మనవాళ్లు స్కూలు యూనిఫాం వదులుగా కుట్టించినట్టే వయొలిన్ కూడా పెద్దది కొంటారు. బట్టలైతే మడిచి కుట్టుకోవచ్చు, దీన్ని ఏం చేస్తాం? బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని కుడి చీలమండ దగ్గర ఆనించి కూర్చున్నప్పుడు పాప ఎడమచేతిని పక్కనుంచి గమనించండి. మోచెయ్యి పూర్తిగా చాచుకుపోయిందంటే వేళ్లు స్వరస్థానాలకి అందక సాగదీస్తోందన్నమాట. చెయ్యి నొప్పెడుతోందని చెప్పడం కూడా పిల్లలకి తెలియదు, విసుక్కుంటారంతే. గురువుగారిని అడిగి చిన్న సైజు అద్దెకో, సెకండ్ హ్యాండ్‌కో తీసుకోండి. ఈ ఒక్క మార్పుతోనే సగం ఏడుపు తగ్గినా నాకు ఆశ్చర్యం లేదు.

ఇక కొట్టిన సంగతి. "రోజిన్ దాచావని కొట్టాను, కొట్టకుండా ఉండాల్సింది" అని పాపతో నోరు తెరిచి చెప్పండి. "నీ మంచికోసమే" అన్న తోక తగిలించకండి.

రేపటి నుంచి సాధన గంట కాదు, పదిహేను నిమిషాలు. మీరు ఆ గదిలో ఉండొద్దు. శ్రుతి పెట్టుకుని మొదటి అయిదు నిమిషాలు వేళ్లు పెట్టకుండా ఖాళీ తీగెల మీద బో లాగనివ్వండి, తర్వాత పాఠం. వంటింట్లో నుంచి కూడా కేకలేయొద్దు, ఇది మీకు అన్నిటికన్నా కష్టం! తప్పులు దిద్దడం గురువుగారి పని. ఆయనతో విడిగా మాట్లాడి, సరళీ స్వరాలు, జంట స్వరాల పాఠాల మధ్యలో తేలికైన పాట ఏదైనా, పాప అడిగిందే, నాలుగు వరుసలు నేర్పమనండి. రోజూ ఈ పాఠాల రాగం మాయామాళవగౌళే వినే చెవికి మోహన రాగమో ఇంకోటో కాస్త తగిలితే తప్పులేదు.

మామగారి మాట గౌరవంగానే విని వదిలేయండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1919లో మీ ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ పాఠం చెప్పడం మొదలుపెట్టారు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. అది ఊరికి గర్వకారణం. నాలుగో తరగతి పిల్ల మోయాల్సిన బరువు కాదు. మామగారికి అంత ఇష్టమైతే మనవరాలిని కచేరీకి తీసుకెళ్లి, వయొలిన్ వాయించేవారి చేతులు కనిపించేలా ముందు వరసలో కూర్చోబెట్టమనండి. వీణ మీద మీకు ఇంకా మనసుంటే మీరే మళ్లీ మొదలుపెట్టండి. అది మీకోసం, పాపకి ఆదర్శం చూపించడానికి కాదు.

మీవారితో ఒక్కమాట గట్టిగా చెప్పండి: పాప ముందు "మానిపించెయ్" అనొద్దు. ఇద్దరూ కలిసి ఒక తేదీ అనుకోండి, వేసవి సెలవుల మొదటి రోజు అనుకుందాం. అప్పటిదాకా ఈ పద్ధతిలో నేర్చుకుందామని, ఆ రోజు తనేమంటే అదేనని పాపకి ఇప్పుడే మాటివ్వండి. ఆ రోజు "వద్దు" అంటే బతిమాలకండి. బాకీ ఫీజు కట్టేసి, పాపతో గురువుగారికి నమస్కారం పెట్టించి మానిపించండి. ఫుల్ సైజు వయొలిన్ మాత్రం అమ్మేయకండి, రెండు మూడేళ్లలో అది పాప చేతికి సరిపోతుంది. అప్పుడు అడుగుతుందో లేదో తన ఇష్టం.